హంతకుడి పేరు మీద ఇసుక: టెలిగ్రామ్ ‘స్పాయిలర్’ ఏడాది పాటు వాడాక

కుందలహళ్లిలో మెట్రో ఎక్కి కబ్బన్ పార్కులో దిగేలోపు నేను ఇరవై పేజీలు చదువుతాను, సీటు దొరికితే. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం అలాగే చదువుకుంటూ వెళ్తున్నాను. హత్య జరిగి నూట నలభై పేజీలు దాటింది. నా అనుమానం ముగ్గురి చుట్టూ తిరుగుతోంది. హలసూరులో రైలు ఆగినప్పుడు ఒళ్లో ఉన్న ఫోను వెలిగింది. మా చదువరుల బృందంలో ఒకాయన పెట్టిన సందేశం. అప్పట్లో మేము వాడుతున్న యాప్‌లో, తెర మీదే రెండు పంక్తులు కనిపించేవి. “ఆ కాంపౌండరే ఇదంతా చేశాడని చివర్లో తెలిసేసరికి నాకైతే...” అని ఉంది. ఆ తర్వాత ఆయనకేమైందో నేను చదవలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ట్రినిటీ వచ్చేసరికి పుస్తకం మూసి సంచిలో పడేశాను.

నవల పేరు చెప్పను. చెబితే ఆయన చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. అసలు హంతకుడు కాంపౌండరూ కాడు, మీ కోసం వృత్తి మార్చాను.

ఆ రోజు పార్కులో చెట్టు కింద గంటన్నర వాదించుకుని బృందాన్ని టెలిగ్రామ్‌కు మార్చాం. కారణం ఒక్కటే, రాసిన మాటను కప్పి పెట్టే సదుపాయం అందులో ఉంది. దాన్ని స్పాయిలర్ అంటారు. ఏడాదికి పైగా రోజూ వాడాను కాబట్టి దాని గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందని అనుకుంటున్నాను. ఆ యాప్‌లో ఇంకా ఏమేమి ఉన్నాయో నన్ను అడగకండి, నేను చూడలేదు.

మా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇంత గొడవ ఎందుకో అర్థం కాదు. నాది ఒంగోలు. బ్యాంకులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి బెంగళూరు వచ్చాను. ఇక్కడ నాలాంటి తెలుగువాళ్లం నలభై ఒక్కమందిమి పోగయ్యాం. నెలకొక పాత డిటెక్టివ్ నవల చదివి, రెండో ఆదివారం కబ్బన్ పార్కులో కలుస్తాం. అరచేతిలో పట్టే సైజు, ముతక కాగితం, అట్ట మీద పిస్తోలు పట్టుకున్న చెయ్యి. అలాంటి నవలలన్నమాట. ఇప్పుడవి అచ్చులో లేవు. ఎవరైనా ఊరెళ్లినప్పుడు హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం సంతలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో వెతికి తేవాలి. ఇక్కడి చర్చి స్ట్రీట్ పాత పుస్తకాల దుకాణాలు అన్నీ గాలించాను, తెలుగు పుస్తకాలు ఒకటీ అరా కనిపించాయి గానీ ఈ సరుకు దొరకలేదు.

అందుకని ఒక్కో నవలకు మా దగ్గర రెండో మూడో ప్రతులు ఉంటాయి. అవి చేతులు మారుతూ తిరుగుతాయి. ఏ రోజు చూసినా ఒకరు ముగింపు చదివేసి ఊపిరాడక కొట్టుకుంటూ ఉంటారు, ఇంకొకరు హత్య దాకా రారు, మరొకరికి పుస్తకమే అందదు. చదివేసినవాళ్లకు మాట్లాడకపోతే తోచదు. మా కేఆర్ పురం మాస్టారి నోట్లో నువ్వుగింజ నానదు. నాకు కాంపౌండరును బహూకరించింది కూడా ఆయనే.

టెలిగ్రామ్‌కు రాకముందు మేము చేయని ప్రయత్నం లేదు. మొదట చుక్కలు పెట్టేవాళ్లం. ‘ముగింపు చదవనివాళ్లు కిందికి రావద్దు’ అని రాసి, వరసకొక చుక్క చొప్పున ఇరవై వరసలు దించి, ఆ కింద అసలు సంగతి రాసేవాళ్లం. ఇది మా సొంత తెలివి అనుకుని కొన్నాళ్లు గర్వపడ్డాను. 1980లలో యూజ్‌నెట్ అనే పాతకాలపు కంప్యూటర్ చర్చావేదిక వాడినవాళ్లు కూడా సరిగ్గా ఇదే చేసేవారని మా ఇంజనీరు కుర్రాడు చెప్పి నా గర్వం దించాడు. అప్పటి తెరలకు ఇరవై నాలుగు వరసలే పట్టేవి. అన్ని ఖాళీ వరసలు వదిలితే గుట్టు కింది తెరకు జారిపోయేది. ఫోను తెర మీద ఆ లెక్క నిలవదు. బొటనవేలు ఒక్కసారి విసురుగా జరిపితే ఇరవై చుక్కలూ దాటి నేరుగా శవం దగ్గరికి వెళ్లిపోతాం.

తర్వాత ఈమెయిళ్లలో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు రాశాం. చదవాలనుకున్నవాళ్లు ఆ భాగాన్ని ఎంచుకుంటే అక్షరాలు కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉండేది. రెండు నెలలు బాగానే సాగింది. కళ్ల మంట అని తెరను నలుపుకు మార్చుకున్న ఒకావిడకు మాత్రం ఆ తెల్ల అక్షరాలు అమావాస్య నాడు ట్యూబులైటులా వెలిగి కనిపించాయి. అంతకన్నా పెద్ద సంగతి జయనగర్‌లో ఉండే మా మిత్రుడి ద్వారా బయటపడింది. ఆయనకు చూపు లేదు. మేము పుస్తకాలను స్కాన్ చేసి ఇస్తే ఫోనులో వింటారు, సందేశాలనూ టాక్‌బ్యాక్ అని ఫోనులోనే ఉండే గొంతు చదివి వినిపిస్తుంది. యంత్రానికి రంగుతో పనేముంది? తెల్లగా రాసినా నల్లగా రాసినా గొంతెత్తి చదివేస్తుంది. రెండు నెలలు ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. ఒక ఆదివారం నవ్వుతూ, “మీరంతా ఏదో దాచుకుంటున్నారని నాకు తెలియనే తెలియదమ్మా. హంతకుడి పేరు ముందే చెప్పి పుస్తకం చదవడం మీ పద్ధతేమో అనుకున్నాను” అన్నారు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫ్లాస్కులో కాఫీ వంపాను.

మార్కర్ కథ చిన్నది. పేజీ ఫొటో తీసి, గుట్టున్న పంక్తుల మీద ఫోనులోని నల్ల మార్కర్‌తో నాలుగుసార్లు గీసి పంపాను. ఏడో తరగతి చదివే మా మనవరాలు ఆ ఫొటో తీసుకుని వెలుతురు పూర్తిగా పెంచింది. గీతల అడుగున అక్షరాలు తేలాయి. “అమ్మమ్మా, మార్కర్ పలచగా ఉంటుంది, దాని కింద అంతా ఉంటుంది” అంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే అదే.

ఆ తర్వాత ఇంజనీరు కుర్రాడు రాట్ 13 తెచ్చాడు. ఇది కూడా యూజ్‌నెట్ కాలం నాటిదే. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు కదా, ఒక్కో అక్షరాన్ని పదమూడు స్థానాలు ముందుకు జరిపితే మాట గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మళ్లీ పదమూడు జరిపితే ఇరవై ఆరు పూర్తయి మొదటికే వస్తుంది. కట్టడానికీ విప్పడానికీ ఒకే తాళంచెవి. జోకుల ముగింపులు, పజిళ్ల జవాబులు అలా దాచేవారు. మా మాస్టారు ముచ్చటపడి ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పేజీలో తన తెలుగు సందేశం మొత్తం వేసి, మారి వచ్చిందనుకుని చూడకుండానే బృందంలో పెట్టేశారు. రాట్ 13 తెలుగు జోలికి రాదు. హంతకుడు, ఆయుధం, కారణం అన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి. సందేశం చివర ఆయన ఇంగ్లీషులో రాసిన ‘ఓకే’ ఒక్కటే ‘బీఎక్స్’గా మారింది. ఇప్పటికీ ఎవరైనా గుట్టు బయటపెడితే మేము ‘బీఎక్స్’ అంటాం.

కుర్రాడు ఊరుకోలేదు. తెలుగుకూ ఒకటి తయారు చేస్తానని కూర్చున్నాడు. కంప్యూటర్లు ఒక్కో అక్షరానికి ఒక్కో గడి ఇచ్చి పెట్టుకున్న పట్టిక యూనికోడ్, అందులో మన లిపికి కేటాయించిన గళ్లు 128. సగం, అంటే అరవై నాలుగు గళ్లు జరిపితే సరిపోతుందని అతని లెక్క. అయితే ఆ గళ్లన్నీ నిండి లేవు, నిండినవాటిలో గుణింతపు గుర్తులూ ఉన్నాయి. క అక్షరాన్ని అరవై నాలుగు గళ్లు జరిపితే అంటుకోవడానికి అక్షరం లేని ఒంటరి గుర్తు వచ్చింది. అ అక్షరాన్ని జరిపితే ఖాళీ పెట్టె వచ్చింది. ఒక పంక్తి మొత్తం మార్చి చూపించాడు, కంసాలి కొట్టు ముందు ఊడ్చిపోసిన పొట్టులా ఉంది.

“ఇంత కష్టం ఎందుకు బాబూ, మనకు క భాష ఉందిగా” అన్నాను. చిన్నప్పుడు పెద్దవాళ్లకు తెలియకూడదని ప్రతి అక్షరం ముందూ క చేర్చి మాట్లాడుకునే భాష. వంటవాడు అనాలంటే ‘కవం కట కవా కడు’. రెండు వారాలు అందులో రాసుకుని చిన్నపిల్లల్లా మురిసిపోయాం. చిక్కేమిటంటే మా వయసువాళ్లకు అది చదవడానికి క్షణం పట్టదు. కన్ను పడగానే క లన్నీ వాటంతట అవే రాలిపోయి వంటవాడు ఎదురుగా నిలబడతాడు. అర్థం కానిది బెంగళూరులో పుట్టిన మా మనవరాలికి ఒక్కదానికే. దానికి హంతకుడితో పని లేదు.

ఇన్నిటి తర్వాత టెలిగ్రామ్. 2021 డిసెంబరు 30న అది ఈ సదుపాయం తెచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2022 డిసెంబరు 30న, ఫొటోలనూ వీడియోలనూ కూడా కప్పే వీలు కల్పించింది. రెండింటికీ డబ్బు కట్టనక్కర్లేదు. పద్ధతి సులువు. సందేశం రాశాక దాచవలసిన భాగాన్ని వేలితో నొక్కిపట్టి ఎంచుకుంటే, వచ్చే మెనూలో స్పాయిలర్ అని ఉంటుంది. లేదంటే ఆ మాటకు ముందు రెండు నిలువు గీతలు, వెనుక రెండు నిలువు గీతలు పెడితే చాలు. నా ఫోనులోని తెలుగు కీబోర్డులో నిలువు గీత కావాలంటే గుర్తుల పేజీకి, అక్కడి నుంచి రెండో గుర్తుల పేజీకి వెళ్లాలి, కాబట్టి నాకు మెనూయే హాయి. కంప్యూటర్ మీద అయితే మాట ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, పి మూడు మీటలూ కలిపి నొక్కుతాను. ముప్పై మూడేళ్లు బ్యాంకు కీబోర్డు కొట్టిన వేళ్లకు అది వెంటనే పట్టుబడింది.

కప్పిన మాట ఎలా ఉంటుందో చెప్పాలి. నల్లపట్టీ కాదు. అక్షరాలు ఉండవలసిన చోట సన్నటి ఇసుక. అది కదులుతూ ఉంటుంది. ఎండలో జల్లెడ పట్టేటప్పుడు గాలికి లేచే పిండి దుమ్ములా మినుకు మినుకు మంటూ ఆ కాస్త జాగాలోనే తిరుగుతుంది. వేలు పెడితే, పెట్టిన చోటి నుంచి చెదిరిపోతూ కింద మాట తేలుతుంది. మొదటి వారం నేను గుట్టుల కోసం కాకుండా ఆ చెదరడం చూడటం కోసం తాకాను. ‘సాయంత్రం టమాటాలు తేవాలి’ అని నాకు నేనే రాసుకుని కప్పి, తాకి, మళ్లీ చూసుకున్నాను. నాకు అరవై నిండాయని మరోసారి గుర్తు చేస్తున్నాను.

నల్లపట్టీ కన్నా ఇది ఎందుకు నయమో కొన్నాళ్లకు గానీ బోధపడలేదు. నల్లపట్టీ చూస్తే కోర్టు కాగితంలో కొట్టివేత గుర్తొస్తుంది, ఎవరో మనకు అడ్డుపడినట్టు ఉంటుంది. ఇసుక కదులుతుంటే కింద ఏదో బతికి ఉందనిపిస్తుంది. ‘ఇప్పుడే వద్దులే’ అని మన వేలిని మనమే ఆపుకుంటాం. అదే అసలు ఆట, డిటెక్టివ్ నవల చదివేవాళ్లకు ఇది తెలియనిది కాదు.

ఇక నాకు మెట్రోలో జరిగిన దానికి మందు. కప్పిన మాట తాళం వేసిన తెర మీద వచ్చే నోటిఫికేషన్‌లో కూడా కప్పే ఉంటుంది. అక్షరాల బదులు బ్రెయిలీ చుక్కల గుర్తులు వరుసగా కనిపిస్తాయి. ఈ సంగతి జయనగర్ మిత్రుడికి చెబితే ఉత్సాహపడి, “ఏమని రాసి ఉందమ్మా?” అన్నారు. ఏ గడిలో చుక్కలు ఎక్కడున్నాయో ఒక్కొక్కటిగా చదివి చెప్పాను. ఆయన వేళ్లతో మోకాలి మీద లెక్కపెట్టి, “ఏమీ లేదు, ఊరికే చల్లారు. మా లిపిలో కూడా గుట్టు దాచడం నేర్చుకున్నారే” అని నవ్వారు. ఆయన కోసం మేము ఇప్పటికీ ఇసుకను నమ్ముకోలేదు. ముగింపు తాలూకు మాటలు ఆయనకు వినిపించకుండా వేరే గదిలో, అంటే చదివేసినవాళ్లకు మాత్రమే ఉన్న ఇంకొక చిన్న బృందంలో పెడతాం. పుస్తకం పూర్తయిందని ఆయన చెప్పగానే అందులో చేరుస్తాం.

ఇంతవరకూ మెచ్చుకోలే. అసలు ఇబ్బంది యాప్‌లో లేదు, తెలుగులో ఉంది. ఈ మాట ఎక్కడా ఎవరూ రాయగా చూడలేదు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

చేరిన మొదటి వారంలోనే మాస్టారు హంతకుడి పేరు మీద జాగ్రత్తగా ఇసుక పోసి ఇలా పెట్టారు: “పాలలో విషం || || కలిపింది.” పేరు దాగింది, నిజమే. ‘కలిపింది’ దాగలేదు. ఆ నవలలో అనుమానితులు ముగ్గురు. అన్న, వదిన, డాక్టరు. కలిపింది అన్నారంటే స్త్రీ అయినా కావాలి, పిల్లి అయినా కావాలి. ఆ ఇంట్లో పిల్లి లేదు.

అప్పుడు తెలిసింది, మన భాషలో క్రియే చాడీలు చెబుతుందని. ఇంగ్లీషులో ఎవరు చంపినా క్రియ ఒకేలా ఉంటుంది, పేరు ఒక్కటి కప్పితే పని అయిపోతుంది. మనకు చంపాడు, చంపింది, చంపారు. కన్నడంలో ఇంకా కష్టమని మా పైఅంతస్తు కన్నడావిడ అన్నారు. మగవాడైతే కొందను, ఆడమనిషైతే కొందళు, పిల్లి అయితే కొందితు. మనకు పిల్లి చాటునైనా దాక్కునే వీలుంది, వాళ్లకు అదీ లేదు.

పేరుకు అంటుకునే విభక్తులదీ అదే తీరు. పేరు వరకే ఎంచుకుని కప్పి, ‘ని’ బయట వదిలేస్తే చచ్చిపోయేది ఎవరో తెలియకపోయినా, ఆ దాచిన మనిషి చంపేవాడు కాదు, చచ్చేవాడని తెలిసిపోతుంది. ‘కి’ వదిలితే ఆస్తి ఎవరికో వెళ్లబోతోందని అర్థం. మా లైబ్రేరియన్ గారు పేరు తర్వాత ‘తో’ ఒక్కటే కనిపించే సందేశం చూసి, “లేచిపోయారన్నమాట” అని ఊహించి సరిగ్గా చెప్పేశారు.

కొన్నాళ్లు ఎఫ్ఐఆర్ భాష ప్రయత్నించాం. ‘హత్య జరిగింది, విషం కలపబడింది.’ ప్రాణం పోయింది, హతుడిది కాదు, మాది. చివరికి దారి చూపింది కూడా మాస్టారే, తెలియకుండానే. ఆయన ముప్పై ఏళ్లు బడిలో పనిచేసిన మనిషి, హంతకుల్ని కూడా గారు అంటారు. “మునసబు గారే గొంతు నులిమారు” అని రాస్తారు. నులిమారు అంటే మగవారైనా కావచ్చు, ఆడవారైనా కావచ్చు, ఒక్కరైనా కావచ్చు, ఇద్దరైనా కావచ్చు. ఇంతకన్నా భద్రమైన క్రియ ఉందా? అప్పటి నుంచి మా బృందంలో నియమం పెట్టాం. హంతకులందరికీ బహువచనమే. వీధి రౌడీ అయినా సరే, ‘వారు కత్తితో పొడిచారు’ అని రాయాలి. కొత్తగా చేరినవాళ్లు మా సందేశాలు చూసి ఇక్కడ నేరస్తులకు ఇంత మర్యాద ఏమిటని ఆశ్చర్యపోతారు.

ఇంకొన్ని అలవాట్లు చేసుకున్నాం. ఫోనులో ఒక సందేశంలో రెండు చోట్ల ఇసుక ఉంటే, ఒకదాన్ని తాకినా రెండూ విడిపోతాయి. కాబట్టి సందేశానికి ఒకే గుట్టు. ఫొటోను కప్పినా దాని కింద రాసిన వ్యాఖ్య కప్పబడదు, దానికి విడిగా ఇసుక పోయాలి. ప్రతి సందేశం ముందూ ‘112వ పేజీ వరకు చదివినవారికి’ అని రాయాలి. ఇసుక కింద ఉన్నది ఎవరు చూడదగ్గదో ఇసుకకు తెలియదు కదా, అది మనిషి చెప్పాలి. చివరిదాకా చదివినవాళ్లు ఇతరుల ఊహల మీద చప్పట్లూ, నవ్వు బొమ్మలూ వేయకూడదు. ఈ చివరి నియమం పెట్టించింది నేనే, మొదట తప్పింది కూడా నేనే. ఒకావిడ ‘నాకెందుకో తోటమాలి మీద అనుమానం’ అని రాస్తే, ఆ పట్టుకున్న తీరుకు ముచ్చటేసి ఒక గుండె బొమ్మ వేశాను. ఇసుక లేదు, పేరు లేదు, క్రియ కూడా లేదు. ఆవిడ నాతో వారం మాట్లాడలేదు.

ఇంజనీరు కుర్రాడికి డిస్కార్డ్ అనే ఇంకో కబుర్ల యాప్ ఇష్టం. అక్కడా అవే రెండు నిలువు గీతలు. ఒక్కో గుట్టునూ విడివిడిగా తెరవవచ్చు, ఎవరికైనా అసలు దాపరికమే వద్దనుకుంటే అన్నీ ఎప్పుడూ తెరిచే ఉంచమని అమరికల్లో పెట్టుకోవచ్చు. ఈ రెండోది నాకు నచ్చింది, పుస్తకం పూర్తి చేసినవాళ్లకు అదే కావాలి. అయినా నలభై ఒక్కమందిలో ముప్పైమందికి ఆ యాప్ లోపలి గదులూ అరలూ అర్థం కాలేదు, వదిలేశాం. రెడిట్ అనే చర్చల సైటులో అయితే కోణం గుర్తు, ఆశ్చర్యార్థకం కలిపి వాడతారు. పాత రెడిట్ తెర మీద ఆ గుర్తుకూ మాటకూ మధ్య ఖాళీ వదిలితే దాచడం పనిచేయదని కుర్రాడు చెప్పాడు. ఖాళీ వదలకుండా రాయమని మా మాస్టారితో చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఆ కుర్రాడి సినిమా స్నేహితులకూ ఇదే గొడవ. తెలుగు సినిమా ప్రీమియర్లు అమెరికాలో సాయంత్రం పడతాయి, మనకు అప్పటికి తెల్లవారుజాము. ఇక్కడ మారతహళ్లిలో పొద్దున్న ఆటకు వరుసలో నిలబడేసరికే క్లైమాక్సు అట్లాంటిక్ దాటి వచ్చేసి ఉంటుంది. మా నియమాలు తీసుకెళ్లి వాళ్ల బృందంలోనూ పెట్టాడు. బహువచనం మాత్రం వాళ్లకు పట్టలేదు, హీరోను వాడు అనకపోతే వాళ్లకు ప్రేమ తీరదు.

అసలు ఇదంతా అవసరమా అని వాదించేవాళ్లు ఉన్నారు, మాస్టారే వాళ్లకు నాయకుడు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో ఇద్దరు పరిశోధకులు పన్నెండు కథలతో ఒక పరీక్ష చేశారు. ముగింపు ముందే తెలిసినవాళ్లు ఆ కథల్లో చాలావాటిని, తెలియనివాళ్లకన్నా ఎక్కువ ఇష్టపడ్డారని తేలింది. వాటిలో మిస్టరీ కథలూ ఉన్నాయి. మాస్టారు ఈ వార్తను లామినేషన్ చేయించి సంచిలో పెట్టుకుని తిరుగుతారు. “హరికథకు వెళ్లేవాడికి రావణుడు చస్తాడని తెలియదా?” అంటారు. తెలుసు మాస్టారూ. తెలిసే వెళ్తాం, ఏడుస్తాం, పళ్లెంలో డబ్బులు వేస్తాం. అయితే పొడుపు కథకు విడుపు ముందే చెప్పి తర్వాత పొడుపు వేస్తే పిల్లవాడు కూడా లేచి వెళ్లిపోతాడు. నేను కాంపౌండరు నవలను ఆ తర్వాత పూర్తి చేశాను. బాగుంది. కాంపౌండరు మొదటి అధ్యాయంలోనే చేతులు రెండుసార్లు కడుక్కున్నాడని గమనించాను. నాకై నేను పట్టుకుని ఉంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని కాదు. ఆ రాత్రిని శాన్ డియాగోవాళ్లు నాకు తిరిగి ఇవ్వలేరు.

పార్కులో కలిసినప్పుడు మాత్రం ఫోను తీయం. అక్కడ మా పరికరం వేరు. అవెన్యూ రోడ్డులో స్టేషనరీ దుకాణాలు వరుసగా ఉంటాయి, అక్కడ వెండి రంగు గీకుడు స్టిక్కర్లు దొరికాయి, లాటరీ కార్డు మీద ఉండేవాటిలాంటివే. చదువుతుండగా ఎవరికి ఎవరి మీద అనుమానమో చీటీ మీద రాసి, పైన స్టిక్కర్ అంటించి, తేదీ వేసి నాకివ్వాలి. రెండో ఆదివారం అందరూ చదవడం పూర్తయ్యాక రూపాయి బిళ్లతో గీకుతాం. బాల్‌పెన్నుతో రాసి వెంటనే అంటిస్తే సిరా స్టిక్కర్‌కు అంటుకుని పేరు చెరిగిపోతుంది, పెన్సిలైతే బాగుంటుంది. పలచటి కాగితం వాడకండి, ఎండకు ఎత్తి చూస్తే వెనుక నుంచి చదవవచ్చు. ఇది మనవరాలు కనిపెట్టింది.

టెలిగ్రామ్ సదుపాయానికి అయిదులో నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ దాని తప్పుకు కాదు, మాస్టారి పేరున రాసుకోండి.

ఈ నెల నవలలో 96వ పేజీలో ఉన్నాను. జమీందారు మేడలో హత్య, అనుమానితులు అయిదుగురు. నిన్న రాత్రి మాస్టారు ఒక సందేశం పెట్టారు. నియమాలన్నీ పాటించారు. ముందు పేజీ సంఖ్య ఉంది, వాక్యం మొత్తం మీద ఇసుక ఉంది, క్రియ కూడా దాగింది. నేను తాకలేదు. అయితే ఆ ఇసుక నాలుగు పంక్తుల పొడవు ఉంది. ‘ఫలానా వారు చంపారు’ అనడానికి ఒక పంక్తి చాలు. నాలుగు పంక్తులంటే ఒకరితో అయ్యే పని కాదు, కనీసం ఇద్దరు కలిసి చేసి ఉండాలి. ఇద్దరూ ఒకే గదిలో ఉండగలిగింది 58వ పేజీలో, కరెంటు పోయినప్పుడు. పొద్దున్నే లేచి ఆ పేజీ మళ్లీ తీశాను.